ఎడమ చెంపకు తుపాకీ

పోయిన నెల నరసు ఆంటీ పోయింది. కబురు వచ్చినప్పుడు నేను సింగపూర్ వన్-నార్త్‌లో మా ఆఫీసు పదకొండో అంతస్తులో, ఏసీకి వణుకుతూ, ఏదో కాంట్రాక్టు ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో కూర్చుని ఉన్నాను. జుట్టు తెల్లబడ్డ దగ్గర్నుంచి ఇలాంటి కమిటీలన్నిటిలోనూ నన్ను వేస్తున్నారు. అర్హులెవరో కానివాళ్ళెవరో ఇట్టే కనిపెడతానని నాకు పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఈ ఊళ్ళో నేను మొట్టమొదట చేసిన ఎంపిక నరసు ఆంటీ తుపాకీకి మరమ్మతు చేసే గన్‌స్మిత్‌ది. ఆ ముచ్చట మా వాళ్ళకి తెలిస్తే నన్ను కాఫీ మిషన్ కొనడానికి కూడా పిలవరు.

కంప్యూటర్ వాళ్ళు పట్టిందల్లా బంగారమైన రోజులవి. రెండువేల సంవత్సరం పుట్టగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటికీ మతి తప్పుతుందని పెద్ద పెద్ద వాళ్ళే భయపడుతుండేవారు. వాటికి వైద్యం చెయ్యడానికి హైదరాబాదులో అమీర్‌పేటలో మూడు నెలల్లో వైద్యుల్ని తయారుచేసి విమానం ఎక్కించేవాళ్ళు. తెనాలి కాలేజీలో వృక్షశాస్త్రం చదివిన నేను అలా ఎక్కినవాణ్ణే. ఆ రోజుల్లో రెజ్యూమె అంటే రాసుకునేది కాదు, దించుకునేది. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక నమూనా ఉండేది. పేరూ పుట్టిన తేదీ మార్చుకుంటే చాలు. ఆ నమూనా మనిషెవరో బొంబాయిలో ఒక బ్యాంకులో మూడేళ్ళు పనిచేశాడట. కాబట్టి మా బ్యాచ్ నలభై మందిమీ అదే బ్యాంకులో అదే మూడేళ్ళు పనిచేశాం. ఒక్కసారైనా ఒకరికొకరం లిఫ్టులో ఎదురుపడకపోవడమే విచిత్రం.

సింగపూర్‌లో దిగాక నేనూ, నాతోపాటే వచ్చిన హైదరాబాదు ఖలీలూ బూన్ లేలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఆ ఫ్లాట్ నరసు ఆంటీది. వాళ్ళ తాతలు ఎప్పుడో తెల్లవాళ్ళ కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. మూడు తరాలు గడిచినా ఆంటీ నోట్లో ఆ ఊరి మాట అలాగే ఉండేది, కాకపోతే అందులో సగం మలయ్, పావు తమిళం కలిసిపోయాయి. అంకుల్ అప్పారావు జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు ఉద్యోగి. షిఫ్టు, నిద్ర, పేపరు, మళ్ళీ షిఫ్టు, అంతే ఆయన లోకం. కూతురు మాలిని పెళ్ళయి వెళ్ళిపోతే ఖాళీ అయిన గది మాకిచ్చారు. ఆంటీ ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజరు. పొద్దున్నే లేచి చింతపండు నానబెట్టేది, ఎండుచేపలు వేయించేది. ఆ వాసనకు పక్క ఫ్లాటు చైనావాళ్ళు తలుపేసుకునేవాళ్ళు, వాళ్ళు రొయ్యల ముద్ద వేయించినప్పుడు మేం వేసుకునేవాళ్ళం. గుమ్మంలో ఎప్పుడెదురుపడినా "మకాన్ అయినాదా బాబూ" అని అడిగేది. మకాన్ అంటే మలయ్‌లో తిండి. అయిందన్నా ఒక గిన్నె చేతిలో పెట్టేది.

మొదటి ఆదివారం వంటింట్లోకి వెళ్ళి నేను నోరు వెళ్ళబెట్టాను. నాలుగడుగుల పది అంగుళాల ఆడమనిషి, నైటీలో, పొడుగాటి గొడుగొకటి భుజానికి ఆనించి, దాని చివర బియ్యం పొట్లం వేలాడదీసి, దేవుడి పటం పక్కన గోడమీద పెన్నుతో పెట్టిన చుక్కకేసి గురిచూస్తోంది. పొయ్యిమీద పులుసు ఉడుకుతోంది. కదలదు, కనురెప్ప వెయ్యదు. గడియారం చూసుకుని పది నిమిషాలయ్యాక గొడుగు దించి, పులుసులో ఉప్పు వేసి, "ఏటి బాబూ, కాపీ కావాలా" అంది. ఖలీల్ తర్వాత నాతో అన్నాడు, "అద్దె టైముకియ్యాలె భయ్, మజాక్ కాదు."

ఆంటీ ఇరవయ్యేళ్ళుగా ఎయిర్ రైఫిల్ కాలుస్తోంది. ఫ్యాక్టరీ రిక్రియేషన్ క్లబ్బులో సరదాగా మొదలుపెట్టి, తర్వాత పెద్ద క్లబ్బులో చేరింది. శనివారం అంకుల్ వంట అంకుల్‌దే. ఆవిడ కాన్వాసు, తోలు కలిపి కుట్టిన దళసరి జాకెట్టొకటి వేసుకుని, గురి కాల్చే రేంజికి వెళ్ళిపోయేది. ఆదివారం ఆ జాకెట్టుని చీరలతోపాటు కిటికీ బయట వెదురు గడకు తొడిగి ఆరేసేది. కలరా ఉండల వాసన, చెమట వాసన కలిసి ఇల్లంతా పట్టేది. తుపాకీ మాత్రం ఇంటి గడప తొక్కలేదు. ఈ దేశంలో తుపాకీలకి మాకంటే గట్టి వీసా నిబంధనలు. అది క్లబ్బు ఆయుధాగారంలో తాళం లోపలే పడుకోవాలి, బయటికి కదలాలంటే పోలీసు కాగితం ఉండాలి. అది జర్మనీ సరుకు. ఒక తెల్లాయన దిగుమతి చేసుకుని, తిరిగి వెళ్ళిపోతూ ఆంటీకి అమ్మేశాడు. ఆవిడ బంగారు గాజులకంటే ముందు దాని పేరు చెప్పేది.

ఇరవయ్యేళ్ళూ ఆవిడ జట్టులో అదనపు మనిషే. ఎవరికైనా జ్వరం వస్తే ఆడాలి, కానీ షూటింగ్ వాళ్ళకి జ్వరాలు రావు. ఆ ఏడు తొలిసారి, వంతెన దాటితే మలేషియాలో ఉన్న జొహోర్‌లో జరిగే క్లబ్బుల పోటీకి ఆవిడ పేరు అసలు జట్టులో వేశారు. అదే నెలలో కుడికన్ను దెబ్బకొట్టింది. గురిలో తిన్నగా ఉండాల్సింది వంకరగా కనపడుతోందని డాక్టరు దగ్గరికి వెళితే, కన్ను వెనకాల పొర పాడైందని, ఇక ఆ కంటితో సన్నగురి కుదరదని చెప్పాడు. ఆవిడ ఇంటికొచ్చి, చేపలు కడిగి, పులుసు పెట్టి, అందరం తిన్నాక చెప్పింది. "డాట్రు సెప్పినాడు. కుడిది అయిపోనాది. ఎడమది ఉంది కదేటి."

మర్నాటి నుంచి గొడుగు ఎడమ భుజానికి మారింది. యాభై రెండేళ్ళ వయసులో, పుట్టి బుద్ధెరిగాక కుడిచేత్తో చేసిన పనిని ఎడమచేత్తో నేర్చుకోవడం నేను కళ్ళారా చూశాను. నాలుగు నెలలు. క్లబ్బులో ఉన్న ఉమ్మడి ఎడమచేతి తుపాకీతో కాలుస్తూ, పాత లెక్కకి దాదాపు చేరుకుంది. సెలెక్షన్ రోజున ఆ మార్కు కొడితే జట్టులో ఉంచుతానని కోచ్ మాటిచ్చాడు. ఇక మిగిలింది సొంత తుపాకీని ఎడమ చెంపకి మార్పించుకోవడం. భుజానికీ చెంపకీ ఆనే దాని వెనక కర్ర కుడివాటం మనిషికి, అందులోనూ తెల్లాయన సైజుకి చెక్కింది, ఇన్నాళ్ళూ కుడివైపు ఎలాగో సర్దుకుంది. ఎవరితో పడితే వాళ్ళతో చేయించడానికి వీల్లేదు, లైసెన్సున్న గన్‌స్మిత్తే చెయ్యాలి, ఆ కాగితాలు క్లబ్బుకి ఇవ్వాలి. ఆంటీ కాగితాల కట్ట నా ముందు పెట్టింది. "నువ్వు కంప్యూటరోడివి సీదరూ. బేంకులో పనిజేసినోడివి. మంచోడ్ని నువ్వే సూడు బాబూ."

శ్రీధర్‌కి, అంటే నాకు, కొమ్ములు మొలిచాయి. అప్పటికి నేను ఆఫీసులో రెండు మీటింగుల్లో వెనక బెంచీలో కూర్చుని, పెద్దవాళ్ళు వెండర్లని ఎలా వడగడతారో చూసి ఉన్నాను. ఎక్సెల్‌లో ఒక పట్టిక వేశాను. సర్టిఫికెట్లకి ఇన్ని మార్కులు, విదేశీ శిక్షణకి ఇన్ని, రాతకోతల పద్ధతికి ఇన్ని, ఈమెయిల్‌కి ఎంత త్వరగా జవాబిస్తారన్నదానికి ఇన్ని. రంగులు కూడా వేశాను. తుపాకీ పట్టుకునే మనిషికి మాత్రం ఆ పట్టికలో గడి లేదు. ఖలీల్ భుజం మీంచి తొంగిచూసి, "ఏంది భయ్, రేపు ఆంటీ చేపల పులుసుకు గూడ మార్కులేస్తవా?" అన్నాడు. క్వాలిటీ అంటే తెలియని మనిషని వాణ్ణి జాలిగా చూశాను.

లైసెన్సున్నవాళ్ళు ఇద్దరే తేలారు. ఒకాయన క్లబ్బులో ఒకప్పుడు తుపాకీలు చూసుకున్న మలయ్ ముసలాయన. అందరూ పాక్‌చిక్ అనేవాళ్ళు, మనం బాబాయి అన్నట్టే. ఆయన షెడ్డుకి వెళ్ళి, మీ అర్హత పత్రాలు చూపిస్తారా అని అడిగాను. ఆయన గోడకి తగిలించిన లైసెన్సు చూపించి, వక్క నములుతూ, "తుపాకీ తర్వాత, ముందు ఆవిడ్ని తీసుకురా, జాకెట్టు వేసుకుని రమ్మను" అన్నాడు. ఇంకేమైనా డాక్యుమెంట్లు ఉన్నాయా అన్నాను. ఆయన నాకు టీ ఇచ్చాడు. పట్టికలో పద్ధతి అన్నచోట సున్నా వేశాను, ఈమెయిల్ అన్నచోట ఇంకో సున్నా. రెండో ఆయన డెస్మండ్. ఆయన దుకాణంలో గోడనిండా ఫ్రేములు కట్టిన సర్టిఫికెట్లు, జర్మనీలో నేర్చుకున్నానన్న పత్రం, నిగనిగలాడే బ్రోచరు. ఈమెయిల్‌కి గంటలో జవాబు. పాపం ఆయనలో ఏ లోపమూ లేదు. నిజంగా చదువుకున్నవాడు, నిజంగా పనొచ్చినవాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో అర్హత లేనివాడు ఒక్కడే, వాడు తెనాలి నుంచి వచ్చాడు.

డెస్మండ్ మూడు పేజీల ఫారం ఒకటి పంపాడు. మనిషి ఎత్తు, చెయ్యి పొడుగు, మెడ పొడుగు, భుజం నుంచి చెంపకు దూరం, అరచేతి కొలత, ఇలా ముప్ఫై గళ్ళున్నాయి. టేపు పట్టుకుని ఆంటీ గది దాకా వెళ్ళాను. లోపల ఆవిడ జడ వేసుకుంటోంది. తల్లిలాంటి మనిషి ముందు నిలబడి, మీ మెడ ఎంతుందో కొలవనివ్వండి అని అడగడానికి నాకు నోరు రాలేదు. అంకుల్‌ని కొలవమందామంటే ఆయన షిఫ్టు నుంచి వచ్చి గుర్రుపెడుతున్నాడు. వెనక్కి వచ్చి ఫారం మళ్ళీ చూస్తే, చివర్లో, ఎలా నింపాలో తెలియడానికి నింపిన ఫారమొకటి జతచేసి ఉంది. ఎడమచేతి వాటం మనిషిదే. అన్ని గళ్ళూ చక్కగా, దశాంశాలతో సహా.

నమూనా కనపడితే అమీర్‌పేటలో చదివినవాడు ఏం చేస్తాడు? పేరూ పుట్టిన తేదీ మార్చాను.

అవి ఎడమచేతి వాళ్ళందరికీ సరిపోయే ప్రామాణిక కొలతలని నాకు నేను చెప్పుకున్నాను. ఎత్తు దగ్గర ఆరడుగుల ఒక అంగుళం అని ఉందన్నది నా కంటికి ఆనలేదు, లేదా అది సెంటీమీటర్లలో ఉండటం నాకు కలిసొచ్చింది. డెస్మండ్ ఫోన్ చేశాడు. "మీ ఆంటీ చాలా పొడుగా?" అన్నాడు. ఫారంలో ఉన్నదే అన్నాను. "ఆవిడ ఒకసారి వస్తే బాగుంటుంది, కర్ర చెక్కాక మళ్ళీ అతికించలేం" అన్నాడు. ఆవిడకి ఫ్యాక్టరీలో సెలవు దొరకదన్నాను. అది మాత్రం నిజం, నేను ఆవిడ్ని అడగలేదన్నదీ నిజమే. "కన్ఫర్మ్ ఆ?" అన్నాడు. "కన్ఫర్మ్" అన్నాను. ఈ ఊరు నాకు నేర్పిన మొదటి మాట అదే. దాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడుతుండేవాణ్ణి.

పోలీసు కాగితాలు ఆలస్యమై తుపాకీ శుక్రవారం సాయంత్రానికి గానీ క్లబ్బుకి తిరిగి రాలేదు. సెలెక్షన్ శనివారం పొద్దున్న. ఏ తుపాకీ అని ఎంట్రీలో రాస్తామో దానితోనే కాల్చాలి. ఎంట్రీ రాసింది కూడా నేనే. నేను రేంజిలో చూసేవాళ్ళ కోసం కట్టిన గాజు గోడ వెనకాల కూర్చున్నాను. ఆంటీ తుపాకీ ఎత్తి భుజానికి పెట్టుకుంది. కర్ర ఆవిడ భుజం దాటి వెనక్కి పోయింది. చెంప ఆనించింది. ఆ ఆరడుగుల వాడి మెడకి తగ్గట్టు చెక్కిన లోతులోకి ఆవిడ చెంప దిగిపోయింది, కన్ను గురి కిందే ఉండిపోయింది. గడ్డం పైకెత్తి చూసింది. మునివేళ్ళమీద లేచి చూసింది. చేతిరుమాలు మడిచి చెంప కింద పెట్టుకోబోతే రిఫరీ తల అడ్డంగా ఊపాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి నావైపు చూసింది. నేను నేల చూశాను. నలభై గుండ్లు కాల్చాలి. ఆవిడ నలభై కాల్చింది, ఒక్కటీ వదలలేదు. అందరిలోకి చివర వచ్చింది.

క్యాంటీన్లో కరీపఫ్ తెచ్చి నా ముందు పెట్టి, తనొకటి తీసుకుని, "ఆ కాయితం ఇటియ్యి" అంది. నా దగ్గర నకలు ఉంది, పద్ధతిగల మనిషిని కదా. ఆంటీకి ఇంగ్లీషు అంతంతమాత్రమే గానీ సెంటీమీటర్లు ఫ్యాక్టరీలో రోజూ చదివేవే. వేలుపెట్టి ఒక్కో గడీ చూసుకుంటూ వెళ్ళింది.

"ఈ పొడుగోడు ఎవుడు బాబూ?"

చెప్పాను. నమూనా సంగతి, టేపు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయిన సంగతి. మొదలుపెట్టాక ఆపలేక బొంబాయి బ్యాంకు సంగతి కూడా చెప్పేశాను. ఆవిడ కరీపఫ్ తినడం ఆపింది.

"అయితే నువ్వూ ఎవుడి కొలతకో కోయించుకొచ్చినావన్నమాట" అంది. "మెడ కొలవడానికి సిగ్గేటి బాబూ నీకు. అడిగితే నాను మాలిని సేత కొలిపించుకుందును కదా" అంది. తర్వాత రేంజి వైపు తిరిగింది. "ఈ సారి ఎల్లాల్సింది బాబూ. నాను ఎల్లాల్సింది." ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పటికీ జొహోర్ వంతెన మీద బస్సు ఆగితే కిటికీ పక్కకి చూడలేను.

మళ్ళీ పోలీసు కాగితం చేతికొచ్చిన రోజు పాక్‌చిక్ షెడ్డుకి వెళ్ళాం. ఆంటీ జాకెట్టు వేసుకునే వచ్చింది. ముసలాయన తుపాకీని అటూ ఇటూ తిప్పి, పని చాలా బాగా చేశాడని డెస్మండ్‌ని మెచ్చుకున్నాడు. కొలతలు ఎవరిచ్చారని మలయ్‌లో అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ఆంటీ "సాయా" అంది. సాయా అంటే నేను అని. ఆయన పడీ పడీ నవ్వాడు. ఆవిడా నవ్వింది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను కూడా, దాచడమెందుకు. ఆయన ఆవిడ్ని నిలబెట్టి, కళ్ళు మూసుకుని తుపాకీ ఎత్తమని, ఎక్కడ ఆగిందో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాడు. పొడుగు కోసేశాడు, లోతుపడ్డ చోట పాత టేకు ముక్కలూ తోలూ పొరలు పొరలుగా అతికాడు. మూడు శనివారాలు పట్టింది. చూడ్డానికి అతుకులబొంతలా ఉండేది, ఆవిడ చెంపకి మాత్రం అతికినట్టు సరిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళు ఆంటీ ఎడమ కంటితో కాల్చింది, పాత మార్కు దాటింది కూడా. జట్టులో చోటు అప్పటికే వేరే అమ్మాయికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఖాళీ రాలేదు. షూటింగ్ వాళ్ళకి జ్వరాలు రావని చెప్పాను కదా.

రెండువేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లకి ఏమీ కాలేదు. మేమే కాపాడామని చెప్పుకున్నాం. జీతాలు పెరిగాయి, నాకు పెళ్ళయింది, పుంగ్గోల్‌లో ఫ్లాటు కొన్నాను. మా ఇంట్లో ఎండుచేపలు వేయించం, వెదురు గడలకి బదులు డ్రయ్యరుంది. ఇప్పుడు మా ఆఫీసుకొచ్చే పిల్లల డిగ్రీల దగ్గర్నుంచి పాత జీతాల దాకా అన్నీ తనిఖీ చేసే ఏజెన్సీలున్నాయి. వాళ్ళకి అబద్ధం చెప్పే వీలు కూడా లేదు పాపం. వాళ్ళని ఇంటర్వ్యూ చేసి, అనుభవం చాలదని తిప్పి పంపేవాణ్ణి నేనే. బొంబాయి బ్యాంకు మూడేళ్ళు ఇప్పటికీ నా ప్రొఫైల్లో ఉన్నాయి. తీసేస్తే మధ్యలో ఆ ఖాళీ ఏమిటని అడుగుతారు.

ఆంటీ పదకొండో రోజు భోజనాలు బ్లాకు కింద ఖాళీ స్థలంలో పెట్టారు. ఖలీల్ కెనడా నుంచి ఫోన్ చేసి ఏడ్చాడు. క్లబ్బు వాళ్ళు వచ్చారు, ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చారు. మాలిని కూతురు, యూనివర్సిటీలో చదివే పిల్ల, అమ్మమ్మ గురించి రెండు ముక్కలు చెబుతానని మైకు తీసుకుంది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు, మాట చివర ఈ ఊరివాళ్ళు తగిలించే 'లా'. "మా అమ్మమ్మ ఎంత పొట్టో మీకందరికీ తెలుసు లా. ఒకసారి గన్ కోసం ఫారం నింపి, తన హైట్ సిక్స్ ఫుట్ వన్ అని రాసుకుంది. అందుకే జొహోర్ ట్రిప్ మిస్సయింది. ప్రతి న్యూ ఇయర్‌కీ తనే ఈ స్టోరీ చెప్పి, చదువు రాని ముసల్దాన్ని, నాకు ఫారమ్‌లు ఇయ్యకండి అని మమ్మల్ని నవ్వించేది" అంది.

ఇరవై ఏళ్ళకి పైగా, సొంత పిల్లలకి కూడా, అదే మాట. అందరూ పగలబడి నవ్వారు. పక్కన కూర్చున్న క్లబ్బు పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ నా తొడమీద చరిచి, "మీరు ఆ ఇంట్లోనే ఉండేవారు కదా అప్పుడు, నిజమేనా?" అని అడిగాడు.

నిజమేనన్నాను. అందరితోపాటు నేనూ నవ్వాను.